పైన పటారం సరే, లోపలి చలి మాటేమిటి?

1950ల్లో కాన్సస్ సిటీలో తయారైన కోకాకోలా యంత్రంలో ఈ ఏడాది అమెరికా టంకశాల నుంచి వచ్చిన కొత్త నికెల్ వేసినా సీసా బయటికొస్తుంది. నికెల్ అంటే అయిదు సెంట్ల నాణెం. దాని బరువు 1866 నుంచి 5 గ్రాములే, వ్యాసం 1883 నుంచి 21.2 మిల్లీమీటర్లే, లోహం 75 శాతం రాగి, 25 శాతం నికెల్. మధ్యలో ఒక్కసారే మారింది. రెండో ప్రపంచ యుద్ధంలో నికెల్ లోహం ఆయుధాలకు కావలసి వచ్చింది. దాంతో 1942 చివరి నుంచి 1945 దాకా 56 శాతం రాగి, 35 శాతం వెండి, 9 శాతం మాంగనీసు కలిపి ఆ నాణేన్ని కొట్టారు. ఆ పాళ్లు తోచినట్టు కలిపినవి కావు. అమ్మకపు యంత్రాలు కొత్త నాణేన్ని దొంగదని తోసిపుచ్చకుండా ఉండేలా లెక్కగట్టి కలిపినవి. 1965లో పది సెంట్ల డైముల నుంచి, పాతిక సెంట్ల క్వార్టర్ల నుంచి వెండి తీసేసినప్పుడు కూడా ఇదే జాగ్రత్త పడ్డారు. కూల్‌డ్రింకు పెట్టెలకు ఒప్పేలా నాణేలు కొట్టుకున్న దేశంలో ఆ పెట్టెల మీద మమకారం ఇంకా పోలేదంటే వింతేమీ లేదు.

మనకు ఆ అనుభవం దాదాపు లేదు. కోకాకోలా మన దేశానికి 1950లో వచ్చి, 1977లో వెళ్లిపోయి, 1993లో తిరిగొచ్చింది. ఏ కాలంలోనైనా సీసా మూత తీసి చేతికిచ్చింది కిళ్లీ కొట్టు కుర్రవాడే కానీ యంత్రం కాదు. ఆ కుర్రవాడి జీతం కంటే యంత్రం ఎక్కువ ఖర్చు కాబట్టి ఇక్కడ దాని అవసరం పడలేదు. రైల్వే ప్లాట్‌ఫారం మీద రంగు బల్బులు తిప్పుతూ, నాణెం వేస్తే బరువుతో పాటు జాతకం కూడా అచ్చేసిన అట్టముక్క ఇచ్చే తూకం యంత్రాన్ని గుర్తు చేసుకుంటే, ఒక అమెరికన్‌కు తన ఊరి పెట్రోలు బంకు ముందున్న ఎర్ర పెట్టె ఎలా కనబడుతుందో కొంత తెలుస్తుంది. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో సొంత గరాజు ఉన్న తెలుగువాడికి ఇప్పుడు ఈ సరదా అందుబాటులో ఉంది. పాత సామాను సంతలో తుప్పుపట్టిన పెట్టె ఒకటి కనబడుతుంది. తరవాతి ప్రశ్న: దీన్ని ఇంట్లోనే బాగుచేయడమంటే ఏం చేయడం?

ఈ ప్రశ్నకు సాధారణంగా దొరికే జవాబు రంగు. తుప్పు గీకు, ఎర్రగా కొట్టించు, క్రోము పూత వేయించు, అక్షరాలు తెల్లగా దిద్దు. 2010లో హిస్టరీ చానల్‌లో మొదలైన ‘అమెరికన్ రెస్టొరేషన్’ లాంటి కార్యక్రమాలు ఈ జవాబునే ఇంటింటికీ మోశాయి. మురికిపట్టిన వస్తువు, ఓ విరామం, ఆపైన అద్దంలా మెరిసే వస్తువు. టీవీకి అంతకంటే గిట్టుబాటు దృశ్యం లేదు. నా అభిప్రాయం దీనికి సరిగ్గా తలకిందులు. పాత యంత్రంలో కాపాడుకోవలసింది పైరంగును. ఏ దిగులూ లేకుండా మార్చేయదగ్గది లోపలి చలి వ్యవస్థను. ఒకసారి గీకేసిన రంగు మళ్లీ రాదు. కంప్రెసరును మాత్రం తయారీదారులే ఊడదీసి మార్చుకునేలా ఒక పళ్లెం మీద బిగించి, కింద నుంచి బయటికి లాగేలా పెట్టారు. అప్పట్లో మరమ్మతు మనిషి చెడిపోయినదాన్ని లాగేసి, వ్యానులో తెచ్చిన మరోదాన్ని తోసి వెళ్లిపోయేవాడు. వాళ్లు తాత్కాలికమనుకున్న భాగాన్ని మనం పవిత్రంగా చూసి, శాశ్వతమనుకున్న రేకును ఇసుకతో కొడుతున్నాం.

చరిత్ర కొంత తెలియకపోతే ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేలదు. ఇండియానాలోని మన్సీలో గ్లాస్‌కాక్ సోదరుల కంపెనీ 1929 ప్రాంతంలో కోకాకోలా కోసం చేసిన పెట్టెకు కరెంటే లేదు. ఐసుగడ్డలు వేసిన తొట్టి, పైన మూత, నాలుగు కాళ్లు, అంతే. డబ్బు పక్కనున్న దుకాణదారు చేతికి ఇవ్వాలి. 1937లో కాన్సస్ సిటీలో పుట్టిన వెండో కంపెనీ మొదట అమ్మింది పూర్తి యంత్రాన్ని కాదు, ఇలాంటి తొట్టి మీద కూర్చునే ఎర్రటి గుండ్రని మూతను. నాణెం వేస్తే మూత ఒక గడి తిరుగుతుంది, కన్నం కిందికి ఒక సీసా వస్తుంది. ఈ రంగంలోకి దిగిన మిగతావాళ్లను చూడండి. షికాగో మిల్స్ కంపెనీ జూదపు యంత్రాలు చేసేది. డెట్రాయిట్ జేకబ్స్ కంపెనీ కార్ల విడిభాగాలు చేసేది. చాటనూగాలోని కావలియర్ కంపెనీది కలప సామాను వ్యాపారం. వెస్టింగ్‌హౌస్ సంగతి తెలిసిందే, కరెంటు వస్తువులు. ఫ్రెస్నోలోని వెండోర్లేటర్‌ను 1956లో వెండోనే కొనేసింది.

ఎవరి పాత విద్యను వాళ్లు సీసాల పెట్టెలోకి తెచ్చారు కాబట్టి ఏ రెండు కంపెనీల యంత్రాలూ లోపల ఒకలా ఉండవు. కొన్నింటిలో సీసాలు డ్రమ్ము చుట్టూ నిలబడి, పిడి తిప్పినప్పుడు ఒక్కొక్కటే ద్వారం దగ్గరికొస్తాయి. వెండో వి-44, వి-81 లాంటివాటిలో చిన్న తలుపు తెరిస్తే పడుకోబెట్టిన సీసాల మూతలు నిలువు వరుసలో కనబడతాయి, మెడ పట్టుకుని లాగాలి. పేరులోని అంకె సాధారణంగా ఎన్ని సీసాలు పడతాయో చెబుతుంది. గుండ్రటి నెత్తితో పోస్టు డబ్బాలా ఉండే జేకబ్స్ 26లో ఇరవయ్యారు, వెండో 39లో ముప్పై తొమ్మిది. ఒక నమూనా గురించి చదివిన మరమ్మతు పాఠం మరో నమూనాకు పనికిరాకపోవచ్చు. స్టీవ్ ఎబ్నర్, జెఫ్ వాల్టర్స్ రాసిన పుస్తకాలు నమూనా గుర్తించడానికీ ధర అంచనా వేయడానికీ బాగా ఉపయోగపడతాయి. విప్పడానికి మాత్రం ఆ నమూనాతో పాటు కంపెనీ ఇచ్చిన సర్వీసు పుస్తకమే దిక్కు. దాని నకలు సంపాదించేదాకా స్క్రూడ్రైవరు పట్టకపోవడం మంచిది.

ఇక ధర కథ. కోకాకోలా 1886 నుంచి 1950ల దాకా అయిదు సెంట్లే. డేనియల్ లెవీ, ఆండ్రూ యంగ్ అనే ఆర్థికవేత్తలు 2004లో ఈ వింత మీద పెద్ద వ్యాసమే రాశారు. వాళ్లు చూపిన కారణాల్లో ఒకటి, 1899లో సీసాల్లో నింపే హక్కును చాటనూగా లాయర్లకు ఇచ్చేస్తూ పాకం ధరను శాశ్వతంగా స్థిరపరచిన ఒప్పందం. మరొకటి మన యంత్రమే. అది ఒకే నాణేన్ని గుర్తుపడుతుంది, చిల్లర ఇవ్వదు. అయిదు నుంచి పెంచాలంటే తరవాతి ఒంటి నాణెం పది సెంట్లు, అంటే ధర ఒక్కసారిగా రెట్టింపు. కంపెనీని నడిపిన రాబర్ట్ ఉడ్రఫ్ తన మిత్రుడైన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌ను 1953లో ఏడున్నర సెంట్ల నాణెం కొట్టించమని అడిగాడు. ఖజానా శాఖ ఒప్పుకోలేదు. అప్పుడు మరో ఎత్తు వేశారు. తొమ్మిది సీసాల్లో ఒకటి ఖాళీది పెట్టడం! ఎవరి అదృష్టం బాగోలేకపోతే వాళ్లు ఇంకో నికెల్ వేయాలి, సగటున ధర 5.625 సెంట్లు పడుతుంది. ఆ పథకం దేశమంతటా అమలు కాలేదు. అయినా అంత పెద్ద కంపెనీ బుర్రకు ఇలాంటి ఉపాయం తట్టిందంటే ఆ ఇనుప పెట్టె వాళ్లను ఏ ఇరుకున పెట్టిందో ఊహించవచ్చు.

ఈ కథ బాగుచేసేవాడికి ఎందుకంటే, దొరికే యంత్రాల్లో చాలావాటి నాణెం పెట్టెను తరవాతి కాలంలో పది సెంట్లకు మార్చి ఉంటారు. దాన్ని తిరిగి అయిదుకు దిద్దాలా? దిద్దాలనేవాళ్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజును కోరుకుంటున్నారు. వద్దనేవాళ్లు ఆ యంత్రం వీధిలో గడిపిన బతుకును కోరుకుంటున్నారు. పది సెంట్లకు మార్చిన చేతివాటం కూడా చరిత్రే అన్న రెండోవాళ్ల మాట నాకు నచ్చుతుంది. నికెల్ వేసి పిల్లలకు చూపించాలన్న ముచ్చట మాత్రం మొదటివాళ్లదే, దాన్నీ కాదనలేను. తీసిన భాగాలను సంచిలో కట్టి యంత్రం అడుగునే పెడితే రెండు పక్షాలకూ న్యాయం జరుగుతుంది.

నాణెం పెట్టె దగ్గర కాస్త ఆగాలి, మొత్తం యంత్రంలో అందమైన పనితనం అక్కడే ఉంది. సెయింట్ లూయిస్‌లోని నేషనల్ రిజెక్టర్స్ కంపెనీ చేసినవి ఎక్కువగా కనబడతాయి. లోపల చిప్ ఏదీ లేదు, కరెంటూ అక్కర్లేదు. నాణెం ముందు ఒక చిన్న త్రాసు లాంటి ఊయల మీద పడుతుంది. బరువు చాలకపోయినా, వ్యాసం తేడా వచ్చినా ఊయల వంగదు. వంగితే నాణెం వాలు మీద దొర్లుతూ అయస్కాంతం పక్కగా పోతుంది. ఇనుప బిళ్ల అయితే అక్కడే అతుక్కుపోతుంది. రాగి పాలు ఉన్న నాణెం అతుక్కోదు కానీ, అయస్కాంతం ముందు కదులుతున్నప్పుడు దానిలో సుడి విద్యుత్తు పుట్టి వేగం తగ్గిస్తుంది. ఎంత తగ్గుతుందన్నది లోహాన్ని బట్టి. సరైన వేగంతో వాలు దిగిన నాణెం ఒక మొనకు తగిలి ఇవతలి గొట్టంలో పడుతుంది. వేగం ఎక్కువైనా తక్కువైనా అవతలి గొట్టంలోంచి తిరిగి చేతికొస్తుంది. యుద్ధకాలపు నాణెంలో వెండి పక్కన మాంగనీసు ఎందుకు పడిందో ఇక్కడ అర్థమవుతుంది. వెండి విద్యుత్తును మరీ సులువుగా పోనిస్తుంది, మాంగనీసు ఆ దూకుడు తగ్గించి మామూలు నికెల్ దారికి తెస్తుంది.

ఇంత సున్నితమైన పెట్టెకు ఇంట్లోవాళ్లు చేసే మొదటి అపకారం నూనె పోయడం. కిర్రుమంటోంది కదా అని కుట్టుమిషను నూనె చుక్కలు వేస్తే, వారం పాటు బాగా నడిచి, ఆపైన నూనెకు దుమ్ము పట్టి జిగురవుతుంది, ఊయల కదలడం మానేస్తుంది. దీనికి కావలసింది గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, మెత్తని బ్రష్షు, ఆ తరవాత పూర్తిగా ఆరబెట్టడం. అయస్కాంతానికి పట్టిన ఇనుప రజనును టేపుతో తీసేయాలి. అన్నీ చేసినా నాణేన్ని ఉమ్మేస్తుంటే, యంత్రం నిలబడ్డ నేలను చూడాలి. ఇదంతా భూమ్యాకర్షణతో నడిచేది కాబట్టి పెట్టె కొంచెం ఒరిగినా లెక్క తప్పుతుంది. మేస్త్రీ వాడే రసమట్టం తెచ్చి కాళ్లు సరిచేస్తే తీరిపోయే జబ్బును చాలామంది కొత్త నాణెం పెట్టె కొని నయం చేసుకుంటున్నారు.

అసలు సంగతికొద్దాం. చలి. సంతలో అమ్మేవాడు ‘ప్లగ్గు పెడితే నడుస్తుంది’ అంటే అది హామీ కాదు, హెచ్చరిక. ఆ కాలపు తీగలకు రబ్బరు, గుడ్డ తొడుగులు. అరవై ఏళ్లకు రబ్బరు బిస్కట్టులా పొడి రాలుతుంది, మిగిలింది ఎలుకలు కొరికేసి ఉంటాయి. ప్లగ్గుకు రెండే కాళ్లు, ఎర్తు లేదు. నిలువెత్తు ఇనుప పెట్టె, దానికి ఎర్తు లేకపోవడం, చెమ్మగిల్లిన గరాజు నేల, చెప్పుల్లేని పిల్లలు. ఈ నాలుగూ ఒకచోట కలవకూడదు. కాబట్టి మొట్టమొదటి పని కరెంటు పెట్టకుండానే మల్టీమీటరుతో చూడడం: కంప్రెసరు చుట్టలు తెగాయా, చుట్టకూ పెట్టెకూ మధ్య లీకేజీ ఉందా. తీగలన్నీ పీకేసి కొత్తవి వేయడం, మూడు కాళ్ల ప్లగ్గు, బలమైన ఎర్తు పెట్టడం తప్పనిసరి. ‘అసలు తీగలే ఉంచాలి’ అన్న పట్టింపు నాకు పిచ్చిగా తోస్తుంది. స్టార్టింగ్ కెపాసిటరు, పాత ట్యూబులైటు చోకు ఉంటే వాటినీ తీసేయాలి. 1979కి ముందు చేసినవాటిలో పీసీబీలనే విషపు నూనె ఉండే అవకాశం ఉంది. కారుతున్నదాన్ని ఉత్త చేతులతో తాకకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు.

గ్యాసు విషయంలో చట్టం, రసాయనం రెండూ అడ్డొస్తాయి. 1950ల యంత్రాల్లో సాధారణంగా ఉండేది ఆర్-12, వాడుకలో ఫ్రియాన్. 1987 మాంట్రియల్ ఒప్పందం తరవాత ఓజోను పొరను కాపాడడానికి సంపన్న దేశాలు 1996 నుంచి దాని తయారీ ఆపేశాయి. మన దేశానికి 2010 దాకా గడువు దొరికింది. అమెరికాలో 1992 నుంచి ఈ గ్యాసును గాలిలోకి వదలడం నేరం. గొట్టం తెరిచే పని లైసెన్సున్న మెకానిక్కే చేయాలి. సొంత యంత్రం కదా, సొంత గరాజు కదా అంటే కుదరదు. ఇంకా పాతవి, అంటే 1930ల నాటి యంత్రాలు కొన్నింటిలో సల్ఫర్ డయాక్సైడు ఉంటుంది. అది లీకైతే కళ్లు, ఊపిరితిత్తులు మండిపోతాయి. లోపల ఏ గ్యాసుందో పళ్లెం మీది రేకు ముక్క చెబుతుంది. అది ఊడిపోయి ఉంటే ఆ యంత్రాన్ని తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లడమే మార్గం. గ్యాసున్న గొట్టానికి మంట పెట్టడం అన్నిటికంటే ప్రమాదం. ఆర్-12 మంటలో విడిపోయి ఘాటైన విషవాయువులవుతుంది.

ఇక్కడ మూడు దారులున్నాయి. మొదటిది అందరూ మరిచిపోయేది: ముట్టుకోకపోవడం. కొత్త తీగలు వేశాక పాత కంప్రెసరు నడిచి, లోపల చల్లబడుతుంటే, ఆ గొట్టాలను తెరవాల్సిన పనే లేదు. సీలు చెడని వ్యవస్థ అరవై ఏళ్లు నడిచిన ఉదాహరణలు ఈ యంత్రాల్లోనే ఉన్నాయి. ‘ఎందుకైనా మంచిది, గ్యాసు మార్చేద్దాం’ అనే మెకానిక్కు మాట వింటే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

రెండోది పాత కంప్రెసరే ఉంచి గ్యాసు మార్చడం. అందరి నోటా వినబడే ఆర్-134ఎ పాత యంత్రంలోని మినరల్ ఆయిలుతో కలవదు. నూనె కంప్రెసరుకు తిరిగి రాక ఎక్కడో గొట్టాల్లో పేరుకుపోతుంది. దాన్ని కడిగేసి కొత్తరకం నూనె పోయాలి, ఫిల్టరు మార్చాలి, సన్నని కేపిలరీ గొట్టం పొడుగూ సరిచూడాలి. వాక్యూము పంపుతో తేమ మొత్తం లాగకపోతే ఆ తేమ నూనెతో కలిసి ఆమ్లమై చుట్టను తినేస్తుంది. పాత నూనెతో సర్దుకునే మిశ్రమ గ్యాసులు కొన్ని వచ్చాయి, వాటిలోనూ ఓజోనుకు పడని అంశముంది కాబట్టి వాటి కాలమూ తీరుతోంది. ఇంత చేశాక అరవై ఏళ్ల కంప్రెసరు ఎన్నాళ్లు నడుస్తుందన్నది దేవుడెరుగు.

మూడోది, నేను మొగ్గు చూపేది: పళ్లెం మొత్తాన్ని బయటికి లాగి, కొత్త కంప్రెసరుతో మరో పళ్లెం కట్టి, అదే చోట తోయడం. పాత దాన్ని పాలిథీన్‌లో చుట్టి దాచాలి. రేపు ఎవరికైనా అసలుదే కావాలంటే నాలుగు బోల్టులు విప్పితే చాలు. చిన్న ఫ్రిజ్ గుండెకాయ తీసి ఇందులో పెట్టే చవక పద్ధతీ ఉంది. చిన్న యంత్రానికి సరిపోవచ్చు, ఎనభై సీసాల పెట్టెకు దాని సత్తువ చాలదు. ప్రొపేను, ఐసోబ్యూటేను గ్యాసుల మీద ఈ మధ్య ఆసక్తి పెరిగింది. మన ఇళ్లలోని కొత్త ఫ్రిజ్‌ల్లో ఉండేది ఐసోబ్యూటేనే కాబట్టి హైదరాబాదు మెకానిక్కులకు అది కొత్త కాదు. కానీ అవి మండే గ్యాసులు. పాత యంత్రం లోపలి థర్మోస్టాటు ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ పుట్టిస్తుంది. అమెరికాలో వీటిని వాటికోసమే తయారైన కొత్త పరికరాల్లో తప్ప పాతవాటిలో నింపడానికి అనుమతి లేదు, ఆ నిబంధన సరైనదే.

చలి వ్యవస్థ బాగైనా పెట్టె చల్లబడకపోతే తప్పు గోడల్లో వెతకాలి. బయటి రేకుకూ లోపలి రేకుకూ మధ్య గాజు ఊలు కుక్కి ఉంటుంది. తలుపు రబ్బరు పాడైన రోజు నుంచి తేమగాలి లోపలికి దూరి ఆ ఊలులో నీరై నిలుస్తుంది. చల్లదనాన్ని ఆపవలసిన దుప్పటి తడిసి ముద్దయి, అడుగు రేకును లోపల నుంచి తినేస్తుంది. బయట నిగనిగలాడే రంగు కొట్టించిన యంత్రాల అడుగు తట్టి చూస్తే చాలాసార్లు ఇదే దొరుకుతుంది, పైన పటారం లోన లొటారం. ఊలంతా తీసి, తుప్పు ఆపి, గట్టి ఫోము పలకలు కోసి అమర్చాలి. డబ్బాతో చిమ్మే ఫోము సులువే కానీ, అది రేకుకు శాశ్వతంగా అతుక్కుపోతుంది. మళ్లీ ఎప్పుడైనా తుప్పు పడితే విప్పే దారి ఉండదు.

రంగు గురించి ఇంత ఆలస్యంగా రావడం కావాలనే. కోకాకోలా సీసాలు నింపే స్థానిక కంపెనీలు తమ యంత్రాలకు ఏళ్ల తరబడి రంగు మీద రంగు కొడుతూ వచ్చాయి. కాబట్టి ఇప్పుడు కనిపించే ఎరుపు అసలుది కాకపోవచ్చు, దాని అడుగున అసలుది ఉండవచ్చు. ఓపికున్నవాళ్లు చిన్న చదరంలో పలుచటి ద్రావకంతో తుడిచి చూస్తారు. పై పొర మాత్రమే లేచి వస్తే, వారాల తరబడి తుడిచినా ఫరవాలేదు, ఎందుకంటే ఆ కిందిది ఏ దుకాణంలోనూ దొరకదు. గీతలు, సొట్టలు, ఎవరో తాళంచెవితో గీకిన పేర్లు, వాటన్నిటితో ఉన్న అసలు రంగు పెట్టెను మైనం రాసి ఉంచడమే మేలని నా పట్టు. సేకర్తల్లో కూడా ఈ వైపు మొగ్గేవాళ్లున్నారు.

అసలు రంగు పూర్తిగా పోయిన పెట్టె అయితే నిరభ్యంతరంగా కొట్టించవచ్చు. ఒక్క మాట మరవకూడదు, ఆ కాలపు రంగులో సీసం ఉంటుంది. పొడి గరుకు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది, నేల మీద పాకే పిల్లల నోటికి చేరుతుంది. తడిపి రుద్దాలి, మంచి మాస్కు పెట్టుకోవాలి, బట్టలు విడిగా ఉతకాలి. పరీక్షించే పుల్లలు దుకాణాల్లో దొరుకుతాయి. ఇసుకతో కొట్టించడం రెండు విధాల చేటు. వెడల్పు రేకు ఆ దెబ్బలకు వంకర్లు పోతుంది, ఇసుక ధూళి ఊపిరితిత్తులకు సిలికోసిస్ తెస్తుంది. వంటసోడా పొడితో కొట్టే పద్ధతి మెత్తనిది, 1980ల్లో స్వేచ్ఛా విగ్రహం లోపలి తారును అలాగే తీశారు. రేకుకు మిగిలిన సోడాను బాగా కడగకపోతే మాత్రం కొత్త రంగు పట్టదు, కొన్నాళ్లకు పొక్కులొస్తాయి. ఉబ్బెత్తు అక్షరాలకు తెలుపు ఎక్కించేటప్పుడు బ్రష్షు వాడితే అంచులు తేలిపోతాయి. గట్టి రబ్బరు రోలరు మీద పలుచగా రంగు తీసుకుని మీదుగా దొర్లిస్తే ఉబ్బు మీద మాత్రమే అంటుతుంది. క్రోము గురించి ఒకే మాట: గుంటలు పడ్డ జింకు పిడికి పూత వేయించే ఖర్చుతో నకలు పిడి కొత్తది వస్తుంది.

ఇంటికి తేవాలంటే వెడల్పు చూడాలి. వి-44 కేవలం 16 అంగుళాలే కాబట్టి వంటింటి మూలలోనూ ఇమిడిపోతుంది, అందుకే దానికి అంత గిరాకీ. పెద్ద యంత్రాలు చవగ్గా దొరకడంలో మోసమేమీ లేదు, వాటిని పెట్టుకునే చోటు ఎవరికీ లేదు. విజయవాడకో వరంగల్‌కో ఓడలో తెప్పించుకోవాలనుకునేవాళ్లకు మరో చిక్కు. అక్కడి కరెంటు 115 వోల్టులు, 60 హెర్ట్జులు. ఇక్కడ 230, 50. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీని దించుతుంది కానీ హెర్ట్జులను మార్చదు. ఆ మోటారు ఇక్కడ ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరిగి, మామూలుకన్నా వేడెక్కుతుంది. పళ్లెం మార్చే పద్ధతి ఇక్కడ మరీ అక్కరకొస్తుంది. 230 వోల్టుల కంప్రెసరు మన బజారులోనే దొరుకుతుంది.

చివరిగా సీసా. ఇవన్నీ ఆరున్నర ఔన్సుల సీసా కొలతకు కోసిన యంత్రాలు. మిన్నెసోటాలోని వినోనా ప్లాంటు 2012లో ఆపేశాక అమెరికాలో ఆ సీసాను తిరిగి నింపి అమ్మేవాళ్లు లేరు. ఇప్పటి ఎనిమిది ఔన్సుల సీసా కొన్ని నమూనాల్లో చిన్న బిళ్లలు, పట్టీలు అమర్చితే పడుతుంది. మెక్సికో నుంచి వచ్చే 355 మిల్లీలీటర్ల పొడుగు సీసా చాలావాటిలో పట్టదు. మన 200 మిల్లీలీటర్ల గాజు సీసా వాడాలనుకుంటే పొట్ట చుట్టుకొలతా పొడుగూ రెండూ కొలిచి, యంత్రం గాడితో పోల్చాలి. రెండు మిల్లీమీటర్ల తేడాకు సీసా మధ్యలో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్నప్పుడు యంత్రాన్ని పట్టుకుని ఊపకూడదు. అమెరికాలో కూల్‌డ్రింకు యంత్రాలను ఊపి మీద పడేసుకుని మనుషులు చనిపోయిన కేసులు నమోదయ్యాయి. ఇంట్లో పెట్టే పెట్టెనైనా వెనక రెండు కొక్కేలతో గోడకు బిగించి, ఇరుక్కున్న సీసాను తాళం తీసి చేత్తోనే తీయాలి.